మామిడితోటలో మంద

మా తమ్ముడు పరశురాములుకు తెలివి ఎక్కువే, కానీ అవసరమైన చోట పనిచేయదు. అక్కను కాబట్టి అంటున్నాను. ఇంకెవరైనా అంటే ఊరుకోను.

జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో చిన్న ఉద్యోగిగా చేరి డైరెక్టర్ దాకా ఎదిగాడు. రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చోవచ్చా? లేదు. తెలంగాణ వచ్చాక ఊరవతల వెలిసిన ప్రైవేటు యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. జీతం వద్దన్నాడు. పైగా పేదపిల్లల ఫీజులు తానే కడతానన్నాడు.

మొదట కట్టింది మల్లికకు. గొర్రెలు కాసుకునే గుర్వయ్య బిడ్డ, చదువులో చురుకు. అంతవరకు బాగానే ఉంది. ఆఫీసువాళ్లు జడ్చర్ల చౌరస్తాలో పే...ద్ద ఫ్లెక్సీ కట్టించారు. చెక్కు పట్టుకున్న మల్లిక, పక్కన పళ్లికిలిస్తూ మా వాడు, కింద 'నిరుపేద విద్యార్థినికి చేయూత' అని. ఈ మహానుభావుడు వద్దనలేదు.

సంతకు పోతూ గుర్వయ్య అది చూశాడు. మరునాడే హాస్టల్‌కొచ్చి బిడ్డను ఇంటికి తీసుకుపోయాడు. తమ్ముడు పరుగున వాళ్ల ఊరికి పోయాడు.

"ఫ్లెక్సీ తీసేయించిన గుర్వన్నా. పిల్లను పంపు."

"మేం అడుక్కతినెటోళ్లం కాదు సారూ. నీ పైసలు నువ్వే ఉంచుకో."

మల్లిక లోపల గోడకు ముఖం తిప్పి ఏడుస్తోందట. వచ్చే వారమే పరీక్షలు. వాడు మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండింది.

"నిన్నెట్ల చదివిచ్చిండ్రా నాయిన? ఎవ్వని ముంగటన్న చెయ్యి జాపిండా? రాత్రిళ్లు ఊరోళ్ల చేన్లల్ల గొర్ల మంద కట్టి, గా పెంటికల ఎరువుకు వాళ్లిచ్చిన పైసలే నీకు ఫీజు కట్టిండు. గదే మర్సిపోయినవా?"

వాడు ఉన్నపళంగా లేచాడు. పోసిన టీ కూడా తాగలేదు.

యూనివర్సిటీకి సరిగా కాపులేని మామిడితోట ఒకటుంది. ఆ సాయంత్రం మళ్లీ గుర్వయ్య వాకిట్లో నిలబడి, "అన్నా, మా తోట సారం లేక ఎండుతాంది. జర మంద కడ్తవా? ఎరువు మాకు, ఫీజు నీకు," అన్నాడు.

గుర్వయ్య గొంగడి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "మంద కట్టినోనికి బువ్వ ఆసామే తేవాలె. ఎర్కేనా?"

"ఎర్కే అన్నా."

ఇక చూడండి, క్యాంపస్ నిండా గొర్రెల అరుపులు, పెంటికల వాసన. ట్రస్టు పెద్దలు ముక్కులు మూసుకున్నారు. మా వాడు మాత్రం రోజూ పొద్దువాలగానే జొన్నరొట్టెల మూటతో తోటకు పోయి, గుర్వయ్యతో గొంగడి మీద కూర్చుని తినేవాడు. ఆ రొట్టెలు చేసింది నేను. అది మాత్రం ఎవరూ చెప్పరు!

పరీక్షనాడు పొద్దున్నే, రొట్టెలతో పంపిన కూర గిన్నెల కోసం తమ్ముడితో నేనూ తోటకు పోయాను. మళ్లీ హాస్టల్‌కొచ్చిన మల్లిక తండ్రికి చెప్పి, గొర్రెల మధ్యనుంచే పుస్తకాల సంచితో బయలుదేరింది. గుర్వయ్య ఆమె వెళ్తున్న వైపే చూస్తూ మా వాడితో అన్నాడు.

"మందను నేను జూసుకుంట. బిడ్డను నువ్వు జూసుకో."

మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడే నా తమ్ముడు గుర్వయ్య చేతులు పట్టుకుని గట్టిగా తలూపాడు.