అడ్డంగా ఉన్న బంతి

మా హాల్లో కార్పెట్ మీద ఒక స్టీలు గ్లాసు రెండు శీతాకాలాలు పడుకుని ఉంది. కాకినాడ నుంచి తెచ్చుకున్న గ్లాసుల్లో అదొకటి. మా ఆయన దాన్ని గోల్ఫ్ గుంటగా వాడుకునేవారు.

ఆయన యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్ చెప్పి రిటైరయ్యారు. ఇక్కడ కెనడాలో, వాటర్లూ ఊరి చివరి క్లబ్‌లో చాలాకాలం గోల్ఫ్ ఆడారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ క్లబ్‌లోనే ఒక పెద్ద చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. ఆడిన ఇద్దరిలో ఒకడు మాంట్రియల్ నుంచి వచ్చిన పేరున్న ఆటగాడు, రెండోవాడు ఇక్కడి బ్యాంకు గుమాస్తా. చివరి గుంట దాకా ఇద్దరూ సమానం. గుమాస్తా ఆ ఒక్క బంతీ గుంటలో వేస్తే గెలుపు అతనిదే. కానీ రెండోవాడి బంతి గుంటకి జానెడు ముందు, సరిగ్గా దారిలో ఆగి ఉంది.

ఇప్పుడైతే ఆ బంతి తీసి పక్కన పెట్టమని అడగవచ్చు. అప్పటి నియమం ప్రకారం తీయనక్కర్లేదు. గుమాస్తా పక్కనుంచి తిప్పి కొట్టాడు. అతని బంతి అవతలివాడి బంతికి తగిలి దాన్నే గుంటలోకి నెట్టింది. తనది బయటే ఉండిపోయింది. అవతలివాడు అంతకుముందు కొట్టిన దెబ్బకే గుంటలో వేసినట్టు లెక్క. గుమాస్తా ఓడిపోయాడు.

మా ఆయనకి ఇది మింగుడుపడలేదు. ముఖం వాలు ఎక్కువున్న గోల్ఫ్ కర్రతో, దాన్నీ క్లబ్ అనే అంటారు, కొట్టి బంతిని ఆ బంతి మీదుగా దూకించి ఉండాల్సిందని ఆయన వాదన. "సంచిలో క్లబ్ ఉంది. తీస్తే గెలిచేవాడు," అనేవారు. "ఓడిపోయాడు, వందేళ్లు దాటింది, భోజనానికి రండి," అనేదాన్ని.

క్లబ్‌వాళ్లు ఆ మ్యాచ్‌ని అప్పటి బట్టల్లో, కర్ర క్లబ్బులతో మళ్లీ ఆడి చూపించాలనుకున్నప్పుడు ఈయన అడిగి మరీ గుమాస్తా వేషం తీసుకున్నారు. చివరి బంతిని దూకించి చూస్తానన్నారు. జరిగింది జరిగినట్టే చూపించాలని కమిటీ చెప్పింది. నాకూ కమిటీ మాటే సబబుగా తోచింది. ఆయన మాత్రం హాల్లో ప్రాక్టీసు మానలేదు. గ్లాసు ముందు ఒక బంతి, దాని వెనక కొంత దూరంలో ఇంకో బంతి. తగిలితే టక్. దూకి గ్లాసులో పడితే టంగ్. ఎక్కువగా టక్కే వినపడేది.

ఆ సంవత్సరాల్లో మా వీధిలో బేస్‌మెంట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ విద్యార్థులు అద్దెకుండేవారు. మా కింద ఇద్దరమ్మాయిలు, ఒకరిది కరీంనగర్, ఇంకొకరిది ఒంగోలు. కాలేజీ, కాఫీ షాపులో షిఫ్టులు, బస్సు, మళ్లీ కాలేజీ. ఒక సాయంత్రం కరీంనగర్ అమ్మాయి పైకొచ్చింది.

"ఆంటీ, ఏమనుకోకండి. పైన ఏం కొడ్తున్నరు? రేపు అసైన్‌మెంట్ సబ్మిట్ చెయ్యాలె."

"గోల్ఫ్ అమ్మా," అన్నారు ఈయన.

"ఇంట్లనా అంకుల్?"

"బయట మంచు కదా. ఇలా రా, నువ్వొకటి కొట్టు."

ఆ అమ్మాయి చెప్పులు విప్పి, క్లబ్‌ని చీపురు పట్టుకున్నట్టు పట్టుకుని కొట్టింది. బంతి ఎగిరి నేరుగా గ్లాసులో పడింది. ఈయన గ్లాసు వంక చూశారు.

"బిగినర్స్ లక్," అన్నారు.

"మరి మీరెన్నేండ్ల సంది బిగినింగ్ల ఉన్నరు అంకుల్?"

నేను వంటింట్లో నవ్వాపుకోలేకపోయాను. ఆ తర్వాత టంగ్ అన్నప్పుడల్లా హీటింగ్ గొట్టంలోంచి కిందివాళ్ల చప్పట్లు వినపడేవి. చప్పట్లు తగ్గితే ఈయన గ్లాసుని కొంచెం దగ్గరికి జరిపేవారు. వాక్యూమ్ చేసేటప్పుడు నేను వెనక్కి పెట్టేదాన్ని. ఆయన మళ్లీ జరిపేవారు. సెలవురోజుల్లో ఆ అమ్మాయి వచ్చి ఆయన దగ్గర నేర్చుకునేది.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. గుండె. పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే. ముందురోజు సాయంత్రం భుజం నొప్పి అన్నారు, మంచు తోసినందుకనుకున్నాం ఇద్దరం. అంతకన్నా చెప్పడానికేమీ లేదు. ఫోన్ చేసినవాళ్లలో చాలామంది మాత్రం ఆ సాయంత్రం దగ్గరే ఆగారు. కాకినాడలో ఉన్న ఆయన చెల్లెలు ప్రతి ఆదివారం అదే అనేది. "అప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్లుంటే బతికేవాడు కదా వదినా." నిందించడానికి కాదు, ఆవిడకి వేరే మాట దొరికేది కాదు. నేను ఊఁ అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక అదే మాట నేనూ అనుకునేదాన్ని.

గ్లాసు అక్కడే ఉంది. తీయకూడదని కాదు. వంగాలంటే నడుం నొప్పి.

మే నెలలో కమిటీ అధ్యక్షుడు, రిటైరైన పళ్ల డాక్టరు, మఫిన్లు తీసుకుని మా ఇంటికొచ్చారు. గుమాస్తా స్థానం ఖాళీగా ఉంచుతామన్నారు. ఆయన టోపీ ఒక కుర్చీలో పెట్టి, ఒక నిమిషం మౌనం పాటిస్తారట. రెండో ఆటగాడు ఒక్కడే నడుస్తాడట.

"ఒక్కడే ఆడితే అది మ్యాచ్ కాదు," అన్నాను. "మా ఆయనకి మౌనం అంతగా పడదు కూడా."

కింద ఒకమ్మాయి ఉంది, ఆయన దగ్గరే నేర్చుకుంది, ఆమె ఆడుతుందని చెప్పాను. ఆ అమ్మాయిని నేనింకా అడగలేదు. ఆ వెంటనే అన్నాను, "మ్యాచ్ అయిపోయాక, ఆ బంతిని ఒక్కసారి దూకించి చూడనివ్వండి." ఎన్నేళ్లుగానో ఆయన్ని వారించింది నేనే. కమిటీని అడిగి చెబుతానన్నారు.

అమ్మాయి మొదట ఒప్పుకోలేదు.

"అంకుల్ ప్లేస్ల నేనా? అందరి ముంగట? తగుల్తే?"

"తగిలితే తగిలింది. ఆయనకీ తగిలేది."

"షిఫ్టు ఉంటది ఆంటీ."

"నీ షిఫ్టు నేన్చేస్తాలేవే," అంది ఒంగోలమ్మాయి. "నువ్వు పో. మిస్సయితే మాత్రం ఇంటికి రాబాక."

కమిటీ నుంచి జవాబు వచ్చింది. కరచాలనం అయ్యాక, ఒక్కసారి మాత్రమే.

ఆటరోజు మోకాళ్ల దాకా ఉండే ఆయన వేషపు ప్యాంటు ఆ అమ్మాయికి నడుం దగ్గర జారుతుంటే రెండు పిన్నీసులు పెట్టాను. ఆ ఏడాది ఊళ్లో 'స్టూడెంట్స్' అన్న మాటని కొందరు ఒక రకం చులకనతో పలికేవారు. క్లబ్‌లో ఒకాయన ఆమెని ఏ కాలేజీ అని అదే గొంతుతో అడిగాడు. ఆమె కాలేజీ పేరు చెప్పి, "మీరేది?" అని అడిగింది. ఆయన నవ్వాడు, గొంతులో మర్యాద కూడా వచ్చింది.

చివరి గుంట దగ్గర జనం చుట్టూ నిలబడ్డారు. అమ్మాయి గుమాస్తా కొట్టినట్టే పక్కనుంచి కొట్టింది. బంతి తగిలి, అవతలి బంతి గుంటలో పడింది. చప్పట్లు, కరచాలనం. ఓడిపోవాల్సిన విధంగా ఓడిపోయింది. తర్వాత అధ్యక్షుడు మా ఆయన పేరు చెప్పి, ఆయన కోరిక ఏమిటో రెండు మాటల్లో చెప్పారు. బంతుల్ని మళ్లీ వాటి చోట్లలో పెట్టారు.

అమ్మాయి సంచిలోంచి వాలు ఎక్కువున్న క్లబ్ తీసింది. నా వంక చూడలేదు. నా చేతుల్లో ఆయన టోపీ ఉంది, ఆమెకి పెద్దదైందని తీసేసింది. నేను బంతినే చూశాను.

బంతి లేచింది. అడ్డంగా ఉన్నదాన్ని తాకకుండా దాటింది. గుంట అవతలి అంచుకి తగిలి, పక్కకి తిరిగి, రెండడుగులు పోయి ఆగింది.

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆంటీ, ఇంకొక్కసారి కొడ్తా," అంది, కళ్లలో నీళ్లు. "పడ్తది."

"వద్దమ్మా. ఒక్కటే అన్నాం."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆ అమ్మాయి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను ఆ బంతి గురించే ఆలోచించాను. ఆయన, నేను, కమిటీ, ఇన్నేళ్లూ రెండే అనుకున్నాం, తగలడం లేదా దూకి పడడం. దూకి కూడా పడకపోవచ్చని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు ఆదివారం. ఆయన చెల్లెలు ఫోన్ చేసింది. మామూలుగానే మొదలుపెట్టింది. "అప్పుడే తీసుకెళ్లుంటే..."

ఈసారి ఊఁ అనలేదు. బంతి సంగతి మొదటినుంచీ చెప్పాను. గుమాస్తా, అడ్డం పడ్డ బంతి, అమ్మాయి, అంచు. ఆవిడకి గోల్ఫ్ తెలియదు. అయినా మధ్యలో ఆపలేదు.

"దాటింది కదా?" అంది.

"దాటింది."

"దాటినా పడలేదా?"

"పడలేదు."

అటువైపు ఫ్యాను చప్పుడు వినపడుతోంది. ఆవిడ అంది, "అన్నయ్య ఉంటే ఏమనేవాడో."

"ఏమీ అనేవారు కాదు. గుంటని కొంచెం దగ్గరికి జరిపేవారు."

ఆవిడ నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, వంగి, కార్పెట్ మీది గ్లాసు తీశాను.