చెవులతో నేసిన చీర

ధర్మవరంలో చీరలు చేతులతో నేస్తారు, కాళ్లతో తొక్కి నేస్తారు. చెవులతో నేసి, ఒక పెళ్లికూతురి ముహూర్తం చీరను గంగలో కలిపిన ఘనత మాత్రం, నాకు తెలిసినంతలో, నా ఒక్కదానిదే. ఆ పెళ్లికూతురు ఎవరో పరాయి పిల్ల అయ్యుంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. కానీ ఆమె నా ప్రాణ స్నేహితురాలు గిరిజ. కాబట్టి మీరూ నవ్వుకోండి, పెనుకొండలో సగం ఊరు ఇప్పటికే నవ్వేసింది.

అప్పట్లో నా పొద్దుటి బతుకు ఎలా ఉండేదో ముందు చెప్పాలి. హిందూపురంలో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం. రోజూ ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాలి. ఎక్కేలోపు నీళ్లు పట్టాలి, వాకిలి ఊడ్చాలి, క్యారియరు కట్టుకోవాలి. వీటన్నిటికంటే ముందు మగ్గంలో కూర్చోవాలి. మా నాయనకు మోకాళ్ల నొప్పులు. పొద్దున చలికి మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టి తొక్కాలంటే ఆయన కీళ్లు మొరాయించేవి. అందుకని ఎండ వాకిట్లోకి వచ్చేదాకా మగ్గం నాది, ఆ తర్వాత ఆయనది.

ఈ ఏర్పాటు నాయనకు మనసులో ఇష్టం లేదు. ఒక చీరకు ఒకే చెయ్యి ఉండాలన్నది ఆయన పట్టు. మనిషి మారితే దెబ్బ మారుతుంది, దెబ్బ మారితే గుడ్డ మారుతుంది. అయినా నాకు ఎందుకిచ్చాడంటే, ఆయన మాటల్లోనే వినండి.

"నీకు నా చెయ్యే వచ్చినాది పాపా. వంటింట్లో కూర్చోని సప్పుడు వింటే, ఆడ నేస్తాండేది నేనేనేమో అనిపిస్తాది."

ఆ మాటతో నేను ఎంత పొంగిపోయానంటే, ఇక నా చెయ్యి వైపు చూసుకోవాల్సిన అవసరమే లేదనుకున్నాను.

ఇక గిరిజ. ఆమె పెనుకొండలో ఎక్కేది. అక్కడినుంచి హిందూపురం దాకా నా ఇయర్‌బడ్స్‌లో ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో. ఒకరోజు ఆమె చెవిలోంచి దాన్ని తీసి నా ఒళ్లో పడేసింది.

"ఏమే వనజా, దినామూ ఇవే పాటలా? నా చెవులు తుప్పు పట్టిపోతాండాయి."

"మరేం చేద్దామంటావు?"

"రేపట్నుంచి ఇద్దరమూ దినానికొక కొత్త పాట తెద్దాం. సినిమా పాటయితే చెల్లదు. ఊరికే ఫోనులో పేరు ఎతుక్కోని వచ్చేది కాదు, ఇంట్లోనే మొత్తం విని, నచ్చితేనే తేవాల."

"తేకపోతే?"

"కిటికీ సీటు ఇచ్చెయ్యాల."

పాఠకులారా, కిటికీ సీటే కదా అని తీసిపారేయకండి. ఆ బండిలో ఆ వేళకు మధ్యలో కూర్చున్నవాళ్లకు గాలి కూడా ఇంకొకరు వాడేసిందే వస్తుంది. పందెం కాశాను.

కాశాక తెలిసింది, నా పొద్దులో పాటకు చోటే లేదని. నీళ్లు పట్టేటప్పుడు మోటారు రొద. క్యారియరు కట్టేటప్పుడు అమ్మ కేకలు. వాకిలి ఊడ్చేటప్పుడు ఎదురింటామె తన కోడలి గురించి చెప్పేది, అది వినకపోతే మరునాడు నా గురించి చెప్పేది. మిగిలింది మగ్గం ఒక్కటే. చేతులకు పని, కాళ్లకు పని, చెవులు మాత్రం ఊరికే కూర్చుని ఉన్నాయి. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అనుకున్నాను. ఆ రెండో పిట్ట గిరిజ అని నాకు తట్టలేదు.

ఎందుకంటే ఆ రోజుల్లో మా మగ్గం మీద ఉన్నది ఆమె ముహూర్తం చీరే. అరిటాకు పచ్చ ఒళ్లు, కుంకుమరంగు అంచు, ఒంటినిండా జరీ మామిడిపిందెలు. "మీ నాయన చేతి చీరే కట్టుకోవాల, ఇంగేదీ వద్దు" అని వాళ్లింట్లో పోరి మరీ చేయించుకుంటోంది.

మొదటిరోజు పాట ఏదో ఎడారి దేశానిది. ఒంటె మీద కూర్చుని, ఎప్పటికి ఊరు చేరతామో తెలియక పాడినట్టుంటుంది. మరునాడు డోళ్ల పాట. వింటుంటే కూర్చున్నచోటే వీరంగం వస్తుంది. ఇంకోరోజు ఒకామె జోలపాట. ఆమె భాష ఏమిటో ఈరోజుకీ తెలియదుగానీ, పిల్లవాడికంటే ముందు ఆమే నిద్రపోయినట్టుంది. ప్రపంచంలో ఇన్ని పాటలున్నాయని నాకు తెలియనే తెలియదు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చునే, సముద్రాలు దాటి వచ్చేదాన్ని. నిజం చెబుతున్నాను, అంత సంతోషంగా నేను ఏనాడూ మగ్గం తొక్కలేదు.

ఇక్కడ మగ్గం సంగతి ఒక్కటి తెలుసుకోవాలి. ఒక తొక్కు, దారం మోసే నాడె ఇటునుంచి అటు, పలకతో ఒక దెబ్బ. దెబ్బ గట్టిగా పడితే దారాలు దగ్గరగా సర్దుకుని పువ్వు కురచవుతుంది. మెత్తగా పడితే పువ్వు సాగుతుంది. నేతగాళ్ల ఇంట్లో పుట్టి ఇది నాకు తెలియదా? తెలుసు. నా చేతులు మాత్రం ఆ వేళ నా మాట వినడం మానేసి పాట మాట వింటున్నాయి. పైగా నేసిన గుడ్డ నేసినట్టే ముందున్న కర్రకు చుట్టుకుపోతుంది. కళ్లముందు కనిపించేది జానెడు. నిన్నటి పాపం ఇవాళ కనిపించదు.

నాయనకు మాత్రం ఆ జానెడులోనే ఏదో తగిలింది.

"పాపా, ఈ పిందె రోంత లావుగా కనపడతాండాది."

"యాడ నాయనా?"

"ఈడ. నేను నేసిండేదానికీ దీనికీ తేడా ఉండాది సూడు."

నేను రైలు తొందరలో జడ వేసుకుంటూ అటు చూసీ చూడకుండా చెప్పాను. "నీ అద్దాలు మార్చాల నాయనా. ఎన్నేండ్లయిపాయ వాటికి."

పాపం, అదే రోజు వెళ్లి కళ్లు చూపించుకుని కొత్త అద్దాలు చేయించుకున్నాడు. అవి పెట్టుకుని మగ్గంలో కూర్చున్నాక ఇంకా దిగాలుపడ్డాడు.

"పాత అద్దాలే మేలు. వీటితో తేడా ఇంగా బాగా కనపడతాండాది."

"అయితే జాకార్డులో ఏమన్నా ఉంటాదేమో సూపీ" అన్నాను. మగ్గం పైన ఉండి పువ్వు తేల్చే ఆ జాకార్డును బాగుచేసే అతను వచ్చి, పైకెక్కి, అన్నీ ఊపి చూసి, నూనె వేసి, టీ తాగి వెళ్లిపోయాడు.

వంటింట్లోంచి అమ్మ కూడా ఒకమాట వేసింది. "పొద్దున్న పూట మగ్గం సప్పుడు దినానికొక మాదిరి వస్తాండాది. ఒకదినం పెండ్లి ఊరేగింపు పోతాండట్ల, ఇంగొకదినం ఎవురో సావుకు పోయొచ్చి కూర్చుండట్ల."

"నిద్ర సాలడంల్యాలేమ్మా నాకు" అన్నాను.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. ఆమె నయం, ఒక్క మద్దెలతో ఆగింది. నేను నాయన అద్దాలు ఓడన్నాను, జాకార్డు ఓడన్నాను, చివరికి నా నిద్ర కూడా ఓడన్నాను. చెవిలో ఉన్నదాన్ని మాత్రం ఏమీ అనలేదు.

నేత పూర్తయి చీరను మగ్గం మీదనుంచి కోసిన రోజు ఆదివారం. నట్టింట్లో చాప పరిచి, నాయనా అమ్మా చెరో కొస పట్టుకుని చీర విప్పారు. విప్పుతూ విప్పుతూ ఇద్దరి ముఖాలూ మారిపోయాయి. ఒకచోట పిందెలు చింతకాయల్లా సాగి ఉన్నాయి. ఒకచోట ఉసిరికాయల్లా ఉండకట్టుకుపోయాయి. మధ్యమధ్యలో నాయన నేసినచోట మాత్రం పిందెలు పిందెల్లాగే బుద్ధిగా కూర్చున్నాయి. నేను చీర పక్కనే నడుచుకుంటూ ఈ కొసనుంచి ఆ కొసకు పోతున్నాను.

"ఏంది పాపా గొణుగుతాండావు?" అన్నాడు నాయన.

అప్పుడు తెలిసింది, నేను పాడుతున్నానని. చింతకాయల దగ్గర ఒంటెల పాట, ఉసిరికాయల దగ్గర డోళ్ల పాట. నా నోరు నాకు తెలియకుండానే చీరను చదివేస్తోంది. ఇయర్‌బడ్స్ సంగతి మొత్తం చెప్పేశాను.

నాయన చీర కొసను చాప మీద దించాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "అంటే నా కండ్లు బాగానే ఉండాయా?"

"బాగుండాయి నాయనా."

"జాకార్డు?"

"అదీ బాగుండాది."

ఆయన కొత్త అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్ల పెండ్లి చీర కదా పాపా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ ఒక్కమాటకు నేను చాప మీదే కూలబడి ఏడ్చాను. ముహూర్తం ఆ వారంలోనే. ఇంకో చీర నేయడానికి వ్యవధి లేదు.

నాయన లేచి బీరువా తీశాడు. నా పెళ్లికని ఎప్పుడో నేసి దాచిన చీర ఒకటి ఉంది, అమ్మ దాన్ని నాకు కూడా పూర్తిగా విప్పి చూపించలేదు. దాన్ని తీసి, గిరిజ చీరతో పాటు సంచిలో పెట్టి, "పెనుకొండకు పదా" అన్నాడు.

గిరిజ వాళ్లింట్లో నాయన కూర్చోకుండానే చెప్పాడు. "అమ్మా, నీ చీరలో తప్పు వచ్చినాది. అది నీకిచ్చేకి నాకు మనసు ఒప్పడంల్యా. ఇది మా పాపకని నేసిండేది. ఇది కట్టుకో."

"ముందు నా చీర సూపీ మామా" అంది గిరిజ.

మంచం మీద పరిచాం. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. గిరిజ వేలితో పిందెలను తడుముకుంటూ పోతోంది. కాసేపటికి వెనకనుంచి సన్నగా కూనిరాగం వినిపించింది.

"మేయ్, ఇది ఒంటెల పాట కదా?"

నేను తలూపాను.

"ఇది డోళ్లది. ఇది ఆ నిద్రమొగం ఆమెది. అయ్యో, ఈడ సూడమ్మా, మా రైలు పాటలన్నీ ఉండాయి ఇందులో." వాళ్లమ్మకు ఏమీ అర్థం కాలేదు. గిరిజ చీరను ఒళ్లోకి లాక్కుంది. "మామా, ఇదే కట్టుకుంటా. ఆ చీర నీ కూతురికే పెట్టుకో."

"నలుగురూ సూస్తే నా పేరేమైతాది తల్లీ?"

"కొత్త డిజైనని చెప్తా. దాన్దేముండాది."

నా గుండె తేలికపడి, ముఖం తుడుచుకుని ఇటు తిరిగాను. తిరగకుండా ఉండాల్సింది. గిరిజ కళ్లు చిట్లించి మళ్లీ చీర వెతుకుతోంది.

"వనజా, ఆ పడవ పాట యాడుంది?"

"ఏ పడవ పాట?"

"నాకు తల్నొప్పొచ్చి పాట తేలేదంటున్నా ఇనకుండా, ఇంట్లో మొత్తం ఇన్నా, నాకు శానా నచ్చినాది అని చెప్పి, కిటికీ సీటు కొట్టేసినావే, ఆ దినం పాట. చీరలో యాడా కనపడదే."

కనపడదు. ఆ రోజు నిద్ర లేవడం ఆలస్యమై, మగ్గం ముట్టకుండా, బండిలో కూర్చున్నాక ఫోన్లో పేరు వెతుక్కున్న పాట అది. నిప్పులేనిదే పొగరాదంటారు, పాట లేనిదే పిందె సాగదు.

"నాకు తెల్సులే" అంది గిరిజ. పెళ్లి దాకా మిగిలిన రెండు ప్రయాణాలూ నేను మధ్య సీట్లోనే కూర్చున్నాను.

పెళ్లిలో ఆ చీరలో గిరిజ ఎంత బాగుందో చెప్పను, చెబితే గొప్పలు పోతున్నానంటారు. కర్ణాటక సరిహద్దులోని అగళి నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త మాత్రం భోజనం వదిలేసి మా నాయన దగ్గరికి వచ్చింది.

"అన్నా, పిందెలు ఒగటి లావు ఒగటి సన్నం, శానా చెన్నాగుండాది. మా పాపకు ఇదే మాదిరి బేకు. రోంత కూడా తేడా రాకూడదు."

నాయన ముఖం మీరు చూసి ఉండాలి. ఒప్పుకున్నాడు. మరునాడే మగ్గంలో కూర్చుని తప్పు నేయడం మొదలుపెట్టాడు. రాలేదు. గట్టిగా కొట్టాలనుకుంటే చెయ్యి దానంతటదే సర్దుకునేది, మెల్లగా వేయాలనుకుంటే దెబ్బ సరిగ్గానే పడేది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. నిటారుగా పెరిగిన మానును వంకర తిప్పడం అంతకంటే కష్టం. మూడుపూటలు అవస్థపడ్డాక, నేను రైలుకు బయలుదేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"పాపా, అవి ఇట్ల ఇయ్యి."

"ఏవి నాయనా?"

"చెవుల్లో పెట్టుకునేటివి. ఫోను కూడా ఈడ పెట్టిపో. ఒంటెల పాట ముందర పెట్టు."

కాబట్టి, ధర్మవరం పట్టుదారం సాక్షిగా, మా గుంత మగ్గం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ పాటలు వింటూ చీర నేయను. ఈ ఒట్టును ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా తప్పలేదు. తప్పడానికి మగ్గం ఖాళీగా ఉంటే కదా. ఇప్పుడు కోడి కూయకముందే నాయన అందులో కూర్చుంటున్నాడు, మోకాళ్ల నొప్పి ఏమైందో మేమెవరమూ అడగడం లేదు. నేను స్టేషనుకు ఫోను లేకుండా పరిగెడుతుంటే వెనకనుంచి కేక వినిపిస్తుంది.

"పాపా, ఈ పాటలన్నీ పాతవి అయిపాయ. సాయంత్రం వచ్చేటప్పుడు రెండు కొత్తవి పట్టుకోనిరా."