పాతరలో ఆరని లైటు

మొన్న మా గల్లీలోకి జేసీబీ వచ్చింది. ఆర్మూరు పాత బజారులో మా ఇంటిని ఆనుకొని ఉన్న షట్టర్ల వరుసను పడగొట్టి, నేల కింద బండ్లు నిలుపుకునేలా పెద్ద భవనం కడతారట. ఆ ఇనుప చెయ్యి మొదటిసారి నేలను గీరినప్పుడు మా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి, నా అరచేతులకు చెమట పట్టింది. మనవరాలు బీపీ గోలీ తెచ్చిచ్చింది. ఇది బీపీ కాదని చెప్పలేదు. చెబితే పాతర సంగతి మొదటినుంచీ చెప్పాలి, ఇంట్లోవాళ్లు చాలాసార్లు విన్నామంటారు. మీరు వినలేదు కదా.

ఆ షట్టర్ల చోట నా చిన్నతనంలో ఒక పసుపు సేటు ఇల్లు ఉండేది. వాకిలి నిండా పసుపు కొమ్ములు పోసేవారు. అందులో తిరిగి మా గల్లీ పిల్లల మడమలు ఏడాది పొడుగునా పచ్చగానే ఉండేవి. వ్యాపారం మార్కెట్ యార్డుకు తరలిపోయాక, ఎనభైల్లో, సేట్లు ఒక్కొక్కరే తాళాలు వేసుకొని వెళ్లిపోయారు. తాళం వేసిన ఇల్లు ఊరికే ఉండదు. పెంకులు జారాయి, గబ్బిలాలు చేరాయి, వానకు నానిన గోడల్లోంచి పసుపూ కుళ్లూ కలిసిన వాసన మా అన్నం పళ్లెం దాకా వచ్చేది. తూములోంచి పాములు వచ్చేవి. పంచాయతీకి పోయి ఫిర్యాదు చేస్తే అప్పటి సర్పంచి, "గా పామును పట్టుకరా, దానితోని సంతకం వెట్టిస్త" అన్నాడు. కూర్చున్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అయితే పాములకంటే నాకు చిన్నప్పటినుంచీ భయం ఆ ఇంటి పెరట్లోని బండరాయంటే. దాని కింద పాతర ఉండేది, అంటే జొన్నలు దాచడానికి తవ్విన లోతైన గుంత. నోరు మనిషి పట్టేంత, పొట్ట గదంత. మా నాన్న తల్లిని బాపమ్మ అనేవాళ్లం. ఆమె మమ్మల్ని ఆ బండ చుట్టూ తిరిగి పొమ్మనేది గాని దాని మీద అడుగు వేయనిచ్చేది కాదు. "పాతర తెరిస్తె ముందుగాల కందిలి దించాలె. కందిలి ఆరిందా, మనిషి దిగద్దు. లోపటి గాలి మంచిగ లేనట్టు" అనేది. కందిలంటే కిరోసిన్ లాంతరు. మెండోర దిక్కున ఆమె పుట్టింటి వాడలో కందిలి దించకుండా దిగిన ఒక మనిషి మళ్లీ మాట్లాడలేదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తగ్గించేది, నేను ఆమె కొంగు పట్టుకునేవాణ్ని.

తొంభైల్లో మా బావ, అంటే మా అక్క భర్త, దుబాయి నుంచి వచ్చి ఆ ఇల్లు కొన్నాడు. ఆయన సంగతి ఒకటి చెప్పాలి. ఆయన చెల్లెలి పెళ్లిలో నన్ను చివరి బంతికి కూర్చోబెట్టారు. అప్పటికి కూరలు అయిపోయి పప్పు మిగిలింది, అదీ అడుగంటింది. అది వేరే కథ. ఇల్లు పడగొట్టి షట్టర్లు కట్టించాలని బావ ఆలోచన. గోడలు కూలుతున్నన్నాళ్లూ మా ఇంట్లో నేల అదిరేది. చివరికి కూలీలు ఆ బండను పక్కకు దొర్లించారు. పాతరను సెప్టిక్ ట్యాంకు చేసుకుంటే తవ్వుడు తప్పుతుందని బావ లెక్క. లోపల గట్టిగా ఉందో లేదో చూడాలి. కూలీలు తాము దిగబోమన్నారు. దుబాయిలో పనిచేసి వచ్చినవాడు వెనక్కి తగ్గుతాడా?

నేను పరుగున పోయాను. మిట్టమధ్యాహ్నం, పాతర నోట్లోంచి మాత్రం చల్లగా గాలి తగులుతోంది.

"బావా, ముందుగాల కందిలి దించుదాం."

"ఇంక కందిలి కాలమేనా, బామ్మర్దీ? గిది దుబాయి బ్యాటరీ. గీ ఎలుగుల సూది పడ్డా దొరుకుతది." టార్చిలైటుకు తాడు కట్టి దించాడు. అడుగు తెల్లగా, పొడిగా కనిపించింది. "సూడు, ఎంత సాఫ్ ఉన్నదో. ఆరిందా?"

"అది ఆరది బావా. గదే నా ఫికర్."

"అయితే పంచాయతికి పో, గాలి మంచిగ లేదని అర్జీ పెట్టుకో."

కూలీలు నవ్వారు. నేను పోయి పాతర నోటికి అడ్డంగా కూర్చున్నాను. నడుముకు మోకు కట్టుకుంటేనే లేస్తానన్నాను. ఎంత తిట్టినా కదల్లేదు. ఆఖరికి అక్క వచ్చి, "కట్టుకోండ్రి, వాడు మొండోడు, పొద్దుగూకినా లేవడు" అంది. బావ విసుక్కుంటూ మోకు కట్టుకొని నిచ్చెన దిగాడు.

కొంతసేపు మాటలు వినిపించాయి. గోడ గట్టిగుందన్నాడు. తర్వాత ఏదో సగం మాట. ఆ తర్వాత ఏమీ లేదు. తొంగి చూస్తే లైటు వెలుగుతూనే ఉంది, నిశ్చలంగా, ఆ వెలుగులో బావ చెయ్యి ఒకటి. అంత మంచి వెలుగులో అంత భయం నేను మళ్లీ చూడలేదు. అందరం మోకు గుంజాం. నోటి దగ్గర భుజాలు ఇరుక్కున్నాయి. బయటపడ్డ మొహం బూడిద రంగులో ఉంది. అక్క ఏడవడం కూడా మరిచి చూస్తోంది. నీళ్లు చల్లి, ఛాతీ రుద్ది, పేరు పెట్టి పిలిచి పిలిచి అలసిపోయాక ఆయన ఒక్కసారి దగ్గాడు. నేనప్పుడు ఇంట్లోంచి కందిలి తెచ్చి దించాను. సగం దూరం పోకుండానే ఆరిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అదీ గుర్తుపెట్టుకున్నాను.

బావ మాత్రం కాలు జారిందని ఊరంతా చెప్పాడు. పాతరను మట్టితో పూడ్చమంటే వినలేదు. ట్యాంకు మాట మళ్లీ ఎత్తకుండా పైన స్లాబు పోసి షట్టర్లు కట్టేశాడు. ప్రారంభం నాడు మేస్త్రీకి, కూలీలకు టువ్వాలలు కప్పాడు, నాకు లేదు. ఆయన పోయి చాలాకాలమైంది. కరెంటు పోయినప్పుడల్లా "బ్యాటరీ వద్దు, కందిలి ముట్టియ్యి" అనేవాడట. ఆ సంగతి నాకు చెప్పింది అక్క, ఆయన కాదు.

నిన్న కందిలి తుడిచి, నూనె దొరక్క వెతికి పోయించుకొని, పని దగ్గరికి పోయాను. స్లాబు కింద ఏముందో చిన్న ఇంజనీరుకు చెప్పాను. అతను మర్యాదగానే విన్నాడు. జేబులోంచి సెల్‌ఫోను తీసి దాని లైటు వేసి చూపించి, "కాలం మారింది తాతా" అన్నాడు. మారే ఉంటుంది. కానీ ఇన్నేళ్లుగా స్లాబు కింద మూతపడి ఉన్న ఆ గాలికి ఆ కబురు ఎవరు చేరవేశారో నాకు తెలియదు.