నీళ్లు పడ్డాయని ఏడ్చిన బాలన్న

పాలమూరు నేలలో నీళ్లు పడ్డాయని ఏడ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడట. అతను బిజినేపల్లి దగ్గరి బాలన్నేనట. కళ్లారా చూశామనేవాళ్లు మండలమంతా ఉన్నారు. నిలబెట్టి అడిగితే మాత్రం ప్రతివాడూ "నేను గాదు, మా బామ్మర్ది చూసిండు" అని తప్పుకుంటాడు.

బాలన్నది మెట్ట చేను. కాలువలు రాకముందు బోర్లు వేయించీ వేయించీ దాన్ని జల్లెడ చేశాడు. లేచిన దుమ్ముకు వనపర్తిలో ఆరేసిన పంచెలు ఎర్రబడ్డాయి గానీ, చుక్క నీరు రాలేదు. దాంతో నీళ్ల మాటే ఎత్తనని ఒట్టేసుకుని, తాతల నాటి పచ్చజొన్న మీద పడ్డాడు. చుట్టుపక్కల అందరూ పత్తికి తిరిగాక ఆ విత్తనం అతని ఇంట్లోనే మిగిలింది.

ఇంట్లో అంటే మంచం కింద, అటక మీద, పొయ్యి పక్కన, అంతటా బస్తాలే. ఎలుకలు బంధువులను కూడా పిలుచుకొచ్చాయి. ఒకనాడు భార్య పుష్పమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"ఏందయ్యా, ఇది ఇల్లా, గోదామా? ఎలుకలు నాకంటె బలిసినయ్. వానలు పడకముందే వేరే జాగ చూడు. లేకుంటె అన్ని సేటుకు అమ్మేస్త."

"ఇత్తనం అమ్ముతవా? మల్ల యాడ దొరుకుతదే?"

"గందుకే జాగ చూడుమంటున్న."

బాలన్నకు తాత పాతర గుర్తొచ్చింది. చేనులో ఎత్తు మీద గొయ్యి తీసి, చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు నింపి మట్టి కప్పితే ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. అయితే ముందు చిన్న గుంతలో ఎండు పిడక పూడ్చిపెట్టి, మర్నాడు తీసి చూడాలి. పిడక మెత్తబడితే ఆ జాగ పనికిరాదు.

బాలన్న పిడక పెట్టలేదు. "మా తాత చూసిన జాగ. మల్ల నేను చూసుడేంది?" అని నేరుగా ఖాజాను పిలిచాడు. ఊళ్లో జేసీబీ ఉన్నది ఖాజాకే. నోరు జేసీబీ కంటే పెద్దది.

గొయ్యి నడుము లోతు దిగిందో లేదో, అడుగున తడి మెరిసింది. ఇంకో తొట్టి మట్టి ఎత్తేసరికి నీళ్లు బుడబుడమన్నాయి. కాలువ నీళ్లతో చెరువులు నిండి, నేల అడుగున ఊట పైకొచ్చిన సంగతి బాలన్న ఏనాడూ చూసుకోలేదు.

ఖాజా బండి మీంచి దూకాడు. "బాలన్నా! గంగమ్మ వచ్చిందే! మిఠాయి తినిపియ్యి!"

"మిఠాయి గాదు, పూడ్చు!"

"దిమాక్ ఖరాబైందా? నీళ్లను పూడ్చుమనెటోడు ఉంటడా?"

"నా జొన్నలు యాడ పెట్టాలె ఖాజా?" అంటూ బాలన్న గట్టు మీద కూలబడ్డాడు. కన్నీళ్లకు గొయ్యి నిండిందని ఖాజా చెబుతాడు. ఖాజా లెక్కలో సగానికి సగం కొట్టేసినా ఒక బిందె తేలుతుంది.

సద్ది తెచ్చిన పుష్పమ్మ గొయ్యిని చూసింది, మొగుణ్ని చూసింది. నవ్వాపుకుంటూ ఊరివైపు తలెత్తింది. కొత్తది కట్టాక ఖాళీగా పడున్న పాత నీళ్ల ట్యాంకు ఎండలో నిలబడి ఉంది.

"కింద తడి ఉంటె మీదికి పోవాలె గాని, ఏడుస్తరా? గా స్తంభాలు ఎలుక ఎక్కుతదా?"

పంచాయతీలో అడిగితే పడీపడీ నవ్వి సరేనన్నారు. ట్యాంకును కడిగి, ఎండబెట్టి, ఊరి మగవాళ్లంతా గిరక కట్టి బస్తాలు లాగారు. ఆ ఏడు వానలకు ఊరు అటుకుల్లా నానినా, ట్యాంకులో గింజకు చెమ్మ తగల్లేదు. విత్తితే ఒక్క గింజా పోకుండా మొలిచింది.

ఆ ముచ్చట వీపనగండ్ల దాకా పాకింది. ఇంకేం, కందులున్నవాళ్లు, పల్లికాయ ఉన్నవాళ్లు, ట్యాంకులో మాకూ జర జాగ ఇయ్యమని ఇంటి ముందు వరస కట్టారు. బాలన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎవడు చెప్పిండు? ఖాజానా? వాని మాట నమ్మి గింత దూరం వచ్చిన్రా? ట్యాంకేంది, జొన్నలేంది! నేను గొయ్యి తవ్వలే, నీళ్లు పడలే, నేను ఏడ్వనే లేదు. అంత ఉత్తదే, పోన్రి!"