పైకప్పు మీద గీత లేదు

"వీనివి చేతులు కావయ్యా, గరుకు కాయితాలు!"

వైరా బస్టాండు ఎదురుగా కార్ల అడ్డా మీద, పదిమంది డ్రైవర్లు టీ తాగుతుండగా నేను కారు తోలే రోడ్ల కాంట్రాక్టరు నన్ను అన్న మాట ఇది. ఇరవై ఏళ్ళు కావస్తోంది. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టాలనుకుంటే ఇంట్లో తిట్టొచ్చు. దారిలో తిట్టొచ్చు. భద్రాచలం వెళ్ళేటప్పుడు మూడు గంటలు కారులో ఇద్దరమే ఉంటాం, గొంతు పోయేదాకా తిట్టొచ్చు. అవన్నీ వదిలేసి అడ్డా మీద అన్నాడు. డ్రైవరుకి పని దొరికేది అక్కడే. వీడి చేతికి బండి ఇవ్వకూడదు అనే పేరు అక్కడ ఒకసారి పడిందా, మధిర నుంచి సత్తుపల్లి దాకా ఎవడూ తాళంచెవి ఇవ్వడు.

అంత మాట అనడానికి కారణం గీతలు. మేకు గీరితే పడే గీతలు కావు, కొమ్మ తగిలితే పడేవీ కావు. వెంట్రుకకన్నా సన్నం. నీడలో ఉంటే కారు అద్దంలా ఉంటుంది. ఎండలోకి తెచ్చామా, బానెట్ మీద సూర్యుడు కనపడే చోట చుట్టూ సాలెగూడు అల్లినట్టు లేస్తాయి. తెల్లకారుకి కూడా పడతాయి, కనపడవు, అంతే. మాది నల్లకారు.

అసలు నల్లది వద్దని షోరూంలోనే మొత్తుకున్నాను. ఆయన వేసేది అడవి పల్లెలకు రోడ్లు. రోజూ తిరిగేది ఎర్రమట్టిలో. "తెల్లది తీసుకుందాం సార్, దుమ్ము కనపడదు" అన్నాను.

"తెల్లది అందరికి ఉన్నది. నల్లదైతే దొర బండి లెక్కుంటది" అన్నాడు. సరే, దొరగారి ముచ్చట దొరగారిది. కడగాల్సింది మాత్రం నేను.

కడిగాను కూడా. రెండేళ్ళు ఒక్క పూట మానలేదు. తెల్లవారగానే బోరు నీళ్ళు పట్టి, ముందు పైనుంచి కిందికి నాలుగు బకెట్లు గుమ్మరించి, మట్టంతా జారిపోయాకే బట్ట పెట్టేవాడిని. ఆ బట్ట నా పాత లుంగీ, ఉతికి ఉతికి దూదిలా మెత్తబడింది. పైకప్పు అందదు కాబట్టి ముక్కాలిపీట ఎక్కి తుడిచేవాడిని. పొడి కారు మీద నేను చెయ్యి వెయ్యను. ఇది నాకు ఎవరో నేర్పింది కాదు. ఇసక ఉన్న పళ్ళెం పొడిబట్టతో తోమితే ఏమవుతుందో ఇంట్లో చూసినవాడినే.

మరి ఆయనో? ఆయనకొక అలవాటు. కారు ఎక్కడ ఆగినా దిగీ దిగగానే భుజం మీద కండువా లాగి కారుని తుడిచేవాడు. ముందు రెండు దెబ్బలు ఛట్ ఛట్‌మని కొట్టి దుమ్ము లేపేవాడు. తరువాత బానెట్టు, ఎడమవైపు తలుపులు, వెనక డిక్కీ, అన్నీ గుండ్రంగా రుద్దేవాడు. ఎద్దు వీపు నిమిరినట్టు ఉండేది ఆ రుద్దడం. వాళ్ళ ఇంట్లో ఒకప్పుడు బండెడ్లు ఉండేవట, ఆయనే తోలేవాడట. బండి దిగితే ఎద్దుల ఒంటి మీద దుమ్ము దులిపిన చెయ్యి అది, కారు దిగినా ఊరుకోలేదు. ఆ కండువాలైనా మెత్తవా అంటే కాదు. ఏ ఊళ్ళో రోడ్డు మొదలుపెట్టినా ఊరివాళ్ళు కప్పే కొత్త కండువాలు. గంజి ఇంకా వదలనివి, అంచుకి జరీ ఉన్నవి. నేను రోజూ చూశాను. చూసి, పాపం కారంటే ఎంత ప్రేమో అనుకున్నాను. నా బుద్ధికి ఏమనుకోవాలి?

ఆ రోజు అడ్డా మీద కారు ఎండలో ఉంది. కల్లూరు వైపు పనులు చేసే ఇంకో కాంట్రాక్టరు వచ్చి బానెట్ చూసి నవ్వాడు. "ఏందన్నా, కొత్త బండి గిట్లయింది?" మా వాడి మొహం మాడిపోయింది. ఎవరో ఒకరి మీదికి నెట్టాలి కదా. పక్కనే నేనున్నాను. అప్పుడే ఆ గరుకు కాయితాల మాట అన్నాడు. అని ఊరుకోలేదు.

"రేపు ఖమ్మం తోల్కపొయ్యి గీతలు తీపిచ్చుకరా. శనివారం మమ్ముల భద్రాచలం తిప్పుకొచ్చి తాళంచెవి ఇచ్చి పో. నీతోని కాదు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పదిమందీ గ్లాసుల్లోకి చూశారు. మొన్న మొన్నటిదాకా నా కారులో మొహం చూసుకుని తల దువ్వుకున్న వాళ్ళే!

ఆ సాయంత్రం ఒకడు మెల్లగా వచ్చి, కొబ్బరినూనె పట్టించు, గీతలు మాయమవుతాయి అన్నాడు. పట్టించాను. నిజంగానే మాయమయ్యాయి, మర్నాడు పొద్దుటిదాకా. రాత్రి వీధిలో లేచిన దుమ్మంతా ఆ జిడ్డుకి అట్ట కట్టింది. షాంపూ ప్యాకెట్లు తెచ్చి మూడుసార్లు కడిగితే గానీ వదల్లేదు. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ తెలివితక్కువ పని నాదే, ఒప్పుకుంటాను.

ఖమ్మంలో పెయింటరు ముసలాయన. నా మాట వినకుండానే కారుని రేకుల షెడ్డులోకి పెట్టించి, మళ్ళీ కడిగించి, ట్యూబులైటు చేత్తో పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. బానెట్ మీద గోరు పెట్టి అడ్డంగా లాగాడు.

"గోరు తగుల్తలేదు తమ్మీ. అంటే లోపల రంగు దాకా పోలె. పైన నీళ్ళలెక్క ఒక పొర ఉంటది, దాని మీదనే ఉన్నయ్. మెరుగు పెట్టే కాంపౌండు ముద్ద పెట్టి మిషన్ తిప్పితే పోతయ్."

"తిప్పెయ్యి అన్నా."

"తిప్పుత. గని గీతలు పోవుడంటే ఏందనుకున్నవ్? ఆ పొరనే కొంచెం అరగదీసుడు. ఒకసారి మంచిదే. మాటిమాటికి చేస్తే పొర పోయి రంగు తెల్లగ తేలుతది. అందుకని ముందుగాల ఎవరు గీస్తున్నరో చూస్కో."

"నేనే గీశానంటున్నారు" అన్నాను. ఏం చెయ్యను, ఆ రెండు రోజుల్లో నా చేతుల్ని నేనే అనుమానించి, అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

ముసలాయన ట్యూబులైటు పైకెత్తాడు. "మరి పైకప్పు ఎవరు తుడుస్తరు?"

"నేనే."

"రా, చూడు."

స్టూలు ఎక్కి చూశాను. పైకప్పు మీద ఒక్క గీత లేదు. లైటు చుట్టూ సాలెగూడు లేదు. నల్లటి నీళ్ళలో లైటు ఉన్నట్టుంది. కుడివైపు తలుపుల మీద కూడా ఏదో ఒకటీ అరా. ఎడమవైపు, బానెట్టు, డిక్కీ మాత్రం నిండిపోయి ఉన్నాయి.

"నీ చెయ్యే గరుకైతే పైన సుత గీయాలె గద? పైదాక అందనోడు ఎవడో పొడిబట్టతోని రుద్దుతున్నడు" అన్నాడు పెయింటరు.

మా కాంట్రాక్టరు పొట్టి. కారు పక్కన నిలబడితే తల పైకప్పుకి కొంచెమే పైకి వస్తుంది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. రెండేళ్ళు చూస్తూ ఉన్నానే! ప్రేమ అనుకున్నానే! అదే కండువాతో రుద్ది, అదే కండువా భుజాన వేసుకుని, నన్ను పదిమందిలో గరుకు కాయితం అంటాడా! పెయింటరు మిషన్ తీగ ప్లగ్గులో పెట్టబోతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఇప్పుడు వద్దన్నా. ఇవి పోతే నా మాట ఎవడు నమ్ముతాడు? ముందు ఆయన చూడాలి."

శనివారం పొద్దున మామూలుగానే కడిగి, తుడిచి, ఇంటిముందు పెట్టాను. కాంట్రాక్టరు, ఆయన భార్య వచ్చారు. నేను ఆవిడని అమ్మగారు అనేవాడిని. కారు చూడగానే ఆయన కస్సుమన్నాడు. "గీతలు గట్లనే ఉన్నయేంది? ఖమ్మం పోలేదా?"

"పోయొచ్చిన సార్. ఎక్కండి, చెప్త" అన్నాను. తిన్నగా అడ్డా మీదికి తోలి, సరిగ్గా ఆ రోజు నిలబెట్టిన చోటే, ఎండలో ఆపాను. దిగి వెళ్ళి ఆయన వైపు తలుపు తీశాను. టీ తాగుతున్నవాళ్ళు తలెత్తారు.

"సార్, ఒకసారి ఈ తలుపు కింది అంచు మీద నిలబడి పైకప్పు చూడాలె."

"నేను పొట్టోన్నని ఎక్కిరిస్తున్నవా?"

"లేదు సార్. నన్ను ఈడనే అన్నరు. ఈడనే చూడాలె." తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను.

అమ్మగారు లోపలి నుంచి, "చూస్తే మీ సొమ్మేం పోతది?" అంది. ఆయన పళ్ళు నూరుకుంటూ అంచు మీద ఎక్కి, పైకప్పు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు. పెయింటరు చెప్పింది ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. పైన తుడిచేది నేను, గీత లేదు. మీరు కండువాతో రుద్దేచోటే ఉన్నాయి. మట్టి మీద పొడిబట్ట సార్, అంతే.

"కండువా నిండ ఎంత దుమ్ముంటదిరా, గంత గీస్తదా?" అన్నాడు, బలం లేని గొంతుతో.

అప్పుడు అమ్మగారు కారు దిగింది. "దినాం కండువ నానబెడితే ఎర్రటి నీళ్ళొస్తయ్. రోడ్డు పనిల మనిషాయె అనుకున్న. కారు తుడుస్తున్నరా దాంతోని?"

అడ్డా మీద ఎవడో కిసుక్కుమన్నాడు. ఆయన దిక్కులు చూశాడు. అంచు మీద నిలబడి ఉండటంతో అందరికన్నా ఎత్తులో ఉన్నాడు పాపం, దాక్కోవడానికి లేదు. అందరికీ వినపడేట్టు అన్నాడు. "తప్పు డ్రైవర్‌ది కాదయ్యా. ఈ కండువది."

కండువాదట! అది తనంతట తనే భుజం దిగి వెళ్ళి తుడిచిందా! రుద్దిన చెయ్యి తనదే అనడానికి ఆయనకి నోరు రాలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. నాకు కావాల్సిన సగం మాట అడ్డా విన్నది.

ఆయన దిగబోతూ ఆగాడు. పైకప్పు మీద ఆయన ఆనించిన చెమట చెయ్యి ముద్రగా పడింది. దాని చుట్టూ, అంతసేపట్లో బస్సులు లేపిన దుమ్ము. రెండేళ్ళలో మొదటిసారి ఆయన చెయ్యి పైకప్పు నడిమికి అందింది. భుజం మీది కండువా లాగాడు.

"సార్!" అని అరిచాను. జీవితంలో ఒక యజమాని మీద నేను అరిచింది అదే.

ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. నేను ఇంకో మాట అనేలోపే, ఆ రోజు గ్లాసుల్లోకి చూసిన పదిమందీ లేచి ఒక్కసారే అరిచారు.

"నీళ్ళు సార్, ముందు నీళ్ళు!"