ఏడవని పిల్లల పేట

రేవు పేటలో పిల్లలు ఏడవరని ఊరంతా చెప్పుకునేది. ఊరు చెప్పుకోవడమేమిటి, ఆ పేటవాళ్ళే చాటింపు వేసుకునేవాళ్ళు. అవతలి ఒడ్డున ఒక బిడ్డ పుడితే ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకుండదు. ఇక్కడ మాత్రం పాలు పట్టి నేలమీద పడుకోబెడితే చాలు, బిడ్డ మళ్ళీ ఏడ్చిన పాపాన పోదు. ఎందుకలాగ అని అడిగితే కాలితో నేలను తట్టి చూపించేవాళ్ళు. ఎముకలు కొరికే చలిలో కూడా ఆ నేల వెచ్చగా ఉండేది. దాని గురించి బొగ్గులత్త మొదలుపెట్టిందంటే ఆపగలిగేవాడు ఆ పేటలో పుట్టలేదు.

ఆమెకు ఆ హక్కు ఉంది మరి. ఆ నేల పుట్టకముందు నుంచీ ఆమె అక్కడ ఉంది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు అక్కడున్నవి బురద, నీళ్ళు, పడవలు బాగుచేసే ఒక పాత షెడ్డు, అంతే. తరవాత ఇనుము కరిగించే ఫౌండ్రీ వచ్చింది. రేయింబవళ్ళు బొగ్గు మండేది. ఆ బూడిదంతా ఎక్కడ పోయాలంటే నీళ్ళలో పోయమన్నారు. తల్లి వెనకాలే తట్ట నెత్తిన పెట్టుకుని ఆమె కూడా పోసింది. నిజానికి సగం కాలిన బొగ్గు ఏరేశాక మిగిలినదే పోయాలి. కానీ ఫౌండ్రీవాళ్ళకు నేల కావాలి, అదీ తొందరగా కావాలి. "ఏరుతూ కూర్చుంటే తెల్లారినట్టే, పోయండి పోయండి" అని పని చేయించేవాడు కసిరేవాడు. పోశారు. పోసినకొద్దీ నీళ్ళు వెనక్కి జరిగాయి, ఒడ్డు ముందుకొచ్చింది. ఒడ్డుమీద గోదాములు లేచాయి, గోదాముల వెనక కూలీల ఇళ్ళు లేచాయి. అందులో ఒక ఇంటికి ఆమె కోడలిగా వచ్చి, తను పోసిన బూడిదమీదే కాపురం పెట్టింది. "ఈ పేటని కన్నది నేనేరా" అనేది నవ్వుతూ, నలుపు వదలని అరచేతులు చూపిస్తూ.

ఫౌండ్రీ మూతపడింది. రంగుల కంపెనీ వచ్చింది, అదీ పోయింది. గోదాములకు తుప్పు పట్టింది. నేల వెచ్చదనం మాత్రం పోలేదు సరికదా, ఏటేటా కాస్త పెరిగింది. వెనక గదుల్లో గచ్చు బీటలు వారితే సిమెంటు మెత్తేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి పక్కన ఇంకో బీట. కళ్ళెదురుగా ఇంత జరుగుతున్నా ఎవరికీ అనుమానం రాలేదు. అలవాటు అంత పాడుది.

కాన్పు అయిన ప్రతి ఇంటికీ బొగ్గులత్తే పెద్ద దిక్కు. చెప్పులు విడిచి, పాదంతో గది గదీ తడిమి, అన్నిటికంటే వెచ్చగా ఉన్న చోట ఆగి "ఇక్కడ" అనేది. అక్కడే పక్క వేసేవాళ్ళు. బాలింతకు గాలి తగలకూడదని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కించేది. ఆ గదిలోకి వచ్చినవాళ్ళకు ఆవులింతలు వచ్చేవి. దానికీ మురిసిపోయేవాళ్ళు. మధ్యమధ్య ఏదో ఒక ఇంట్లో పడుకున్న బిడ్డ పడుకున్నట్టే పోయేది. అప్పుడూ బొగ్గులత్తే వచ్చి తల్లి వీపు నిమిరి, "బాధపడలేదమ్మా, నిద్రలోనే పోయింది" అని ఓదార్చేది. తలరాత అనుకునేవాళ్ళు. ఈ తలరాతకు మా పేటమీదే ఇంత పగేమిటని అడిగినవాడు లేడు.

ఆ చలికాలం ఆమె సొంత ఇంట్లోనే కాన్పు జరిగింది. మనవరాలు. కొడుకు రేవులో పనికి పోతే ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళే. కోడలు అవతలి ఒడ్డు పిల్ల.

"అత్తయ్యా, తల పగిలిపోతోంది. కిటికీ కాస్త తియ్యనా?"

"తియ్యి, తియ్యి. తీసి పిల్లకి జలుబు తెప్పించు. బాలింతకి తలనొప్పి రాకుండా ఉంటుందా? నేను కనలేదా?"

"ఈ గదిలోకి వస్తేనే వస్తోంది. పెరట్లోకి వెళ్తే తగ్గిపోతోంది."

"ఓహో, పెరట్లో తగ్గే నొప్పా? వంటింట్లోకి వెళ్ళగానే మళ్ళీ వస్తుంది కాబోలు!" అని ఎకసెక్కెమాడి, ఊడిపోయిన గుడ్డను సందులోకి మళ్ళీ కుక్కింది. కోడలు మంచిది, ఊరుకుంది. అంత మంచిది కాకపోయి ఉంటే బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం వీధి చివర గోల వినిపించింది. అక్కడ పాత గోదాము కూలగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. పునాది గోతిలోకి దిగిన కూలీని నలుగురు తాడు కట్టి పైకి లాగుతున్నారు. బొగ్గులత్త జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ముందుకెళ్ళింది. కూలీ మొహం ఎర్రగా కందిపోయి ఉంది, ఒంటిమీద స్పృహ లేదు. గట్టుమీద గాలికి పడుకోబెట్టారు. కాసేపటికి కక్కుకుని, కళ్ళు తెరిచాడు. "తల పగిలిపోతోంది. ఏం జరిగిందో తెలీదు. నిద్ర ముంచుకొచ్చింది, అంతే" అన్నాడు.

పునాది మేస్త్రి నుదురు తుడుచుకుంటూ చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాడు. "కింద పాత బొగ్గు లోలోపల రగులుతోంది. ఎన్నేళ్ళ నుంచో ఏమో! దాన్నుంచి వచ్చే గాలికి రంగుండదు, వాసనుండదు. బయటైతే పర్లేదు, మూసేసిన చోటైతే మనిషి పడుకున్నోడు పడుకున్నట్టే పోతాడు."

బొగ్గులత్త గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంటివైపు పరుగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు చూసి వీధిలో ఎవడో ఈల కూడా వేశాడు.

వెనక గదిలో కోడలు గోడకు చేరగిలబడి, నోరు తెరిచి నిద్రపోతోంది. బిడ్డ వెచ్చని చోట కదలకుండా ఉంది. బిడ్డను చంకనేసుకుని, కోడలి రెక్క పట్టుకుని గుంజి, ఇద్దరినీ వీధిలోకి ఈడ్చింది. రేవు గాలి రివ్వున కొట్టింది. ఏ గాలి తగలకూడదని ఇన్నేళ్ళూ కాపలా కాసిందో ఆ గాలికే బిడ్డ మొహం పట్టింది. బిడ్డ ముక్కు ముడిచింది, పెదవి వంకర తిప్పింది, గుక్కపట్టి ఏడ్చింది. నడివీధి అని కూడా చూడకుండా బొగ్గులత్త బావురుమంది.

"అత్తయ్యా, ఏమైంది?" అంటోంది కోడలు, మెట్టుమీద కూలబడి, తల పట్టుకుని.

బొగ్గులత్త వినిపించుకోలేదు. ఆమె కళ్ళు ఎదురింటి తలుపుమీద పడ్డాయి. ఎదురింటి అమ్మాయికి కొడుకు పుట్టి ఇంకా నెల తిరగలేదు. అక్కడ పక్క వేయించిందీ తనే. మనవరాలిని కోడలి ఒళ్ళో పడేసి, వెళ్ళి ఆ తలుపు బాదింది.

ఎదురింటి అమ్మాయి తలుపు ఓరగా తీసి, పెదవులమీద వేలు పెట్టింది. "మెల్లగా అత్తా! ఇప్పుడే పడుకున్నాడు. లేపకు."

"తప్పుకో."

"అదేంటత్తా?"

తోసుకుని లోపలికెళ్ళి, పిల్లవాడిని ఎత్తుకొచ్చి గాలికి పట్టింది. వాడు ఏడవలేదు. అరికాళ్ళు రుద్దింది. చెంపలు తట్టింది. "ఏడవరా నాయనా, ఒక్కసారి ఏడు. నీకు దణ్ణం పెడతాను, ఏడు" అని బతిమాలింది. తల్లి పిడికిలి నోట్లో పెట్టుకుని నిలబడిపోయింది. ఎంతసేపటికో వాడు పిల్లికూనలా కీచుమన్నాడు. ఆ తరవాత ఏడ్చాడు.

జనం మూగారు. మేస్త్రి కూడా వచ్చి అదే మాట మళ్ళీ చెప్పాడు. తలుపులు, కిటికీలు బార్లా తెరవమన్నాడు, ఇళ్ళు ఖాళీ చేయమన్నాడు. తలా ఒక దిక్కుకు పరుగెత్తారు. ఎదురింటి అమ్మాయి మాత్రం కొడుకును గుండెకు హత్తుకుని అక్కడే నిలబడి, బొగ్గులత్త మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే బొగ్గులత్త తట్టుకోగలిగేది.

"అత్తా, మరి నా పెద్దది?" అంది చివరికి. "నిద్రలోనే పోయిందన్నావు కదా. దాని పక్క ఎక్కడ వేయించావు?"

"అక్కడేనమ్మా" అంది బొగ్గులత్త.