మిషన్ తిప్పే ముందురోజు

స్విట్జర్లాండులో నేల కింద కట్టిన ప్రయోగశాలలో మర్నాడు కణాల్ని ఢీకొట్టించే పెద్ద మిషన్ తిప్పుతారని, దాంతో బ్లాక్ హోల్ పుట్టి భూమంతా అందులోకి కుంగిపోతుందని టీవీలు హోరెత్తించిన రోజది. తిరుపతి నుంచి పలమనేరు బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. ఒళ్లో రెండు అంటు మామిడి మొక్కలు. నేను ఫిజిక్స్ లెక్చరర్నని తెలియగానే మెల్లగా అడిగాడు.

"ఆ దేశమోళ్లు ఎట్లా ఒప్పుకున్నారు సార్?"

"ఒప్పందం రాసుకున్నారప్పా. ఆ మిషనుండే సొరంగం మీదే పొలాలుండాయి, ఆవులు మేస్తాయి. భయం లేదు."

"వాళ్లనంటే అడిగినారు. మనల్నెవురు అడిగినారు?"

బంగారుపాళ్యంలో దిగుతూ ఒక మొక్క నా ఒళ్లో పెట్టాడు.

"నేనైతే ఎల్లుండి దాకా చూస్తా. మీకు భయం లేదు గదా, ఈపొద్దే నాటండి సార్."

ఇంటికెళ్లగానే గుంత తవ్వాను. మొక్కను మాత్రం, మర్నాడు మిషన్ తిరిగిందని టీవీలో విన్నాకే నాటాను.